వాకిట్లో అతికిన స్టాండు

కిందటి ఎండాకాలం మా లీలమ్మక్క మోకాళ్ళు మొండికేశాయి. నలభై ఏళ్ళుగా రోజుకు పదిసార్లు మగ్గం గుంటలోకి దిగి ఎక్కిన మోకాళ్ళవి. వాటిని తప్పుపట్టలేం. ఇక గుంట మాట మరిచిపొమ్మని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. అక్క గుంటను మరిచిపోయిందేమో గాని మగ్గాన్ని మరవలేదు. తనే పోగులకు చిటికి ముడులు కట్టి, చిలుకలు తేలేలా రంగులద్దిన పట్టు పడుగు ఒకటి ఆరు నెలలుగా తెల్ల దుప్పటిలో ఉంది. రోజూ పొద్దున దుప్పటి విప్పి చూసేది, మళ్ళీ చుట్టేది.

దారి ఆమె కూతురు మానస కనిపెట్టింది. నేల మీద ఇనుప స్టాండు నిలబెట్టి దానిమీద మగ్గం బిగిస్తే, గుంటతో పనిలేకుండా కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని నేయవచ్చు. బోరులోంచి తీసిన పాత జీఐ పైపులు మానస అత్తగారి ట్రాక్టరు షెడ్డులో జిడ్డు పట్టి పడి ఉంటే తెప్పించింది. పోచంపల్లి చౌరస్తాలో వెల్డింగు షాపున్న పరశురాములును పిలిచింది. అతను మర్నాటి నుంచి నెల రోజులు చిట్యాల దగ్గర ఏదో గోదాము పని ఒప్పుకున్నాడు. దొరికింది ఆ ఆదివారం ఒక్కటే. అది తప్పితే అక్కకు ఇంకో నెల దుప్పటి విప్పడం, చుట్టడమే.

నేను పక్కింట్లో ఉంటాను. నా భార్య అండాలు పోయినప్పటి నుంచి నా పొద్దుటి చాయ అక్క దగ్గరే. ఆ రోజు చాయకు వెళితే తలుపు మూసి ఉంది, కిటికీలు కూడా. లోపల చిటపటమంటోంది. తలుపు తట్టాను.

"జల్ది లోపలికొచ్చి తలుపెయ్యి తమ్మీ! గాలొస్తాంది, పడుగు మీద దుమ్ము పడతది," అని అక్క కేకేసింది.

లోపల దూది ఏకినట్టు తెల్లటి పొగ. దాని మధ్య పరశురాములు, ముఖానికి నల్లద్దం, మూతికి రుమాలు. మూలన పడుగు మీద ఇంకో రెండు దుప్పట్లు కప్పి ఉన్నాయి. నేయడం తెలిసినవాళ్ళెవరైనా చేసే పనే ఇది. గాలినీ దుమ్మునూ లోపలికి రానివ్వరు. కాని ఈ రోజు బయటికి పోవలసింది ఒకటుందని ఎవరికీ తోచలేదు.

గోడకున్న స్విచ్చు తీసేశాను. తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి అందరినీ వాకిట్లోకి రమ్మన్నాను.

"ఏమైంది సార్? రెండు గంటల పని," అన్నాడు పరశురాములు దగ్గుతూ. ఎనిమిదో తరగతిలో అతనికి సైన్సు చెప్పింది నేనే.

"పైపు మీద తెల్లపూత ఏందిరా?"

"జింకు."

"అది కాలితే?"

"జింకు పొగ. దానికి మందున్నది సార్. పాలు తాగుత. ఇగో, పెద్దమ్మ కాగబెట్టింది గూడ."

"పాలెటు పోతయి?"

"కడుపులకు."

"పొగ?"

పరశురాములు చెయ్యి మెల్లగా ఛాతీ మీదికి వెళ్ళింది. "అందుకేనా సార్, జీఐ పని చేసిన రోజు నాకు చలి జరమొచ్చేది? నేను దిష్టి తలిగిందనుకుంటుంటి," అన్నాడు.

"నీకెవరు పెడతరన్నా దిష్టి?" అంది మానస.

అప్పుడు గుమ్మం పక్కన స్ప్రే డబ్బా కనిపించింది. అద్దాలు పెట్టుకుని చిన్న అక్షరాలు చదివాను. బండి బ్రేకుల జిడ్డు వదిలించే మందు. అందులో క్లోరిన్ కలిసిన ద్రావకం ఉంది. వెల్డింగు వేడి, వెలుగు తగిలితే అది విషవాయువవుతుంది. పీల్చినప్పుడు పెద్దగా తెలియకపోవచ్చు. కొన్ని గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

"దీంతోటి ఏవేవి తుడిచినవ్?"

"ఇంక మూతనే తియ్యలే సార్. జిడ్డు లేనివి నాలుగు ముందు పట్టిన."

ఆ పూటకు అంతకంటే పెద్ద మేలు నేను కోరను. డబ్బాను తీసుకుపోయి సందు చివర అతని బండి డిక్కీలో పెట్టించాను.

అక్క మాత్రం గడపలో నిలబడి ఉంది. కళ్ళల్లో నీళ్ళు. "ఆర్నెల్ల సంది చేతులు ముడుసుకోని కూసున్న తమ్మీ. ఇయ్యాళ గుడ ఆపుతవా?"

"ఆపుతలేను అక్కా. వాకిట్ల చేద్దాం."

పరశురాములు టేపు పెట్టి దర్వాజ కొలిచాడు. "బయట అతికితె లోపలికి పోదు సార్. స్టాండు నాలుగున్నర ఫీట్లు, దర్వాజ మూడే."

నేను చదివిన సైన్సు అక్కడికి సరి. అక్క కొంగుతో ముఖం తుడుచుకుని మా ఇద్దరినీ కాదని దర్వాజను చూసింది.

"గింత మగ్గం గీ దర్వాజల నుంచే ఎట్లొచ్చిందిరా? ముక్కలు ముక్కలుగ తెచ్చి, లోపల చీలలు కొట్టి నిలబెట్టిండు మా మామ. నీ ఇనుము కట్టెకన్న గొప్పదా?"

పరశురాములు నోరు తెరిచాడు. "అంటె... పక్కలు రెండు బయట అతికి, అడ్డం పైపులు లోపల బోల్టులతోటి..."

"గదే నేను మొత్తుకునేది!"

ఇక వాకిలి కళకళలాడింది. మానస, నేను సబ్బునీళ్ళతో పైపులు తోమి, గుడ్డతో తుడిచి ఎండలో వేశాం. ఆరాక పరశురాములు ప్రతి అతుకు దగ్గరా అటూ ఇటూ నాలుగేసి అంగుళాలు, పైపు మూతి లోపల కూడా, పూతంతా గ్రైండరుతో గీకి లోపలి ఇనుము తేల్చాడు. ఆ దుమ్ము కూడా పీల్చేది కాదని, గీకడం మొదలుపెట్టకముందే నేను రుమాలు లాగేసి, సరైన ఫిల్టరు మాస్కు ఉందా అని అడిగాను. ఉందట. బండిలోంచి తెచ్చాడు, ఇంకా కవరు కూడా చింపలేదు.

"కొత్తది గద, ఖరాబైతదని దాచిన."

"దసరాకు కట్టుకుంటవా?" అంది మానస.

గాలి ఎటు వీస్తోందో చూసే పని అక్క తీసుకుంది. పట్టుపోగు ఒకటి తెంపి అరుగు స్తంభానికి కట్టి, కుర్చీ వేసుకుని కూర్చుంది. మాకు తగలని గాలి కూడా ఆ పోగుకు తెలుస్తుంది. "మర్లింది, గాలి మర్లింది! ఇటు పక్కకు రారా!" అని ఆమె అరిచినప్పుడల్లా పరశురాములు స్టాండునూ తననూ తిప్పుకున్నాడు. తెల్ల పొగ లేదు. మామూలు సన్నపొగ వచ్చినా, అతని ముఖానికి తగలకుండా పక్కకు కొట్టుకుపోయింది. ఎదురింటి అమృతమ్మ చూడడానికి వచ్చింది.

"ఆ వెలుగు చూడకు, కండ్లు పోతయి," అన్నాను.

"చూడకుంటె ఎందుకొచ్చిన మరి?" అని గొణిగి, మా వైపు వీపు పెట్టి నిలబడింది గాని వెళ్ళలేదు.

మూడింటికల్లా రెండు పక్కలూ దర్వాజలోంచి సాఫీగా లోపలికి పోయాయి. బోల్టులు బిగిశాయి. రాత్రి చలి పెట్టినా, దమ్ము ఆడకపోయినా వెంటనే ఫోన్ చేయమని చెప్పి పరశురాములును పంపాను. పొద్దున అతనే చేశాడు. "జరం లేదు సార్. ఐదు రొట్టెలు తిన్న."

మగ్గం ఎక్కించి పడుగు అతకడానికి రెండు రోజులు పట్టింది. బుధవారం పొద్దున అక్క పలక మీద కూర్చుని కాళ్ళు కిందికి వేసింది. మోకాళ్ళు నొప్పనలేదు. రంగులద్దిన పేక చుట్టిన నాడెను అడ్డంగా విసిరింది. పది పోగులు పడ్డాయో లేదో, చిలుక ముక్కు పోయి తోక పక్కన తేలింది. అక్క పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వగా విని ఎన్నాళ్ళయిందో.

మానస ఫోనులో పరశురాములు ముఖం కనిపించింది. "కుదిరిందా పెద్దమ్మా?"

"నీ స్టాండు కుదిరిందిరా. నా చిలుకనే ఇంక కుదరలే."

వెనక నుంచి అమృతమ్మ మెడ చాచింది. "నాకు గుడ ఒకటి చెయ్యాలె పరశురాములూ. పైపులున్నయి."

"ముందు సబ్బునీళ్ళతోటి కడిగి ఎండబెట్టు అత్తా. పూత నేను గీకుత. వాకిట్లనే అతుకుత," అన్నాడు అతను, నేను వింటున్నానని తెలిసి కాస్త గట్టిగానే.

అక్క ఆ పది పోగులూ ఊడదీసి, పేకను గోటితో జరిపి మళ్ళీ నేసింది. మూడోసారికి ముక్కు ముక్కు దగ్గరికొచ్చింది. మేమంతా చప్పట్లు కొడితే ఆమె తలెత్తనైనా లేదు. రెండో చిలుక మొదలుపెట్టింది.