గాలిని వడకట్టిన కోడ్

మర్నాడు ఆసుపత్రులకు చేరాల్సిన వినికిడి యంత్రం సాఫ్ట్‌వేర్‌లో పరాయి కోడ్ బయటపడింది.

తనిఖీ ప్రోగ్రాం ఎర్రగా చూపిస్తున్న వరసలను తమ్ముడు మళ్లీ మొదటినుంచి చదివాడు. కంపెనీ నడిపే అక్క అతని కుర్చీ వెనక నిలబడింది. కిటికీ పక్క బల్ల దగ్గర బాబాయ్ సర్క్యూట్‌కు తీగలు అతుకుతున్నాడు.

“ఓపెన్ సోర్సే కదరా, ఊరికే వాడుకోవచ్చుగా?”

“షరతుంది అక్కా. ఇది కలిపిన ప్రోగ్రాం ఎవరికిస్తే వాళ్లకి మొత్తం కోడ్ ఇచ్చెయ్యాలి. మనకి చిప్పులమ్మే కంపెనీ లైసెన్సేమో మన ప్రోగ్రాంలో ఉన్న వాళ్ల కోడ్ ఒక్క లైను చూపించినా కోర్టుకి లాగుతానంటుంది. ఈ రెండిటికీ పొత్తు కుదరదు.”

“మనదీ, పర్మిషన్ ఉన్నదీ తప్ప ఇంకోటి లేదని ఆసుపత్రులకి సంతకం పెట్టి ఇచ్చాన్రా! తీసిపారెయ్.”

“తీసేస్తే ఇదీ వరస.”

అతను ఆ కోడ్ తీసేసి, యంత్రాన్ని ఆమె చెవికి తగిలించి, ఫ్యాన్ ఎదుట కూర్చోబెట్టి, కిటికీ తెరిచాడు. హోరు తప్ప మరేమీ లేదు. కోడ్ మళ్లీ కలిపాడు.

హోరు విడిపోయింది. దాని వెనకనుంచి వీధి చివర ఎవరో పసివాడి నవ్వు, ఆపైన సైకిల్ గంట, ఆకుల గలగల, ఒక్కొక్కటీ విడివిడిగా, చెయ్యి చాపితే అందేటంత దగ్గరగా వచ్చాయి. అక్క కిటికీలోంచి వీధిలోకి తొంగి చూసింది.

“ఏ మహానుభావుడు రాశాడ్రా దీన్ని?”

“ఒక్కడు కాదు. కోడ్ మధ్యలో వాళ్లు రాసుకున్న నోట్సు చదివా. ఒకరు రైలు రొదకి సరిచేశారు, ఒకరు వానకి, ఇంకొకరు పసిపిల్లల గొంతుకి. ముఖాలు కూడా ఎరగని కొన్ని వందల మంది. చూస్తుంటే ఒళ్లు గగుర్పొడుస్తోందక్కా.”

ఆమె యంత్రం తీసి, రెండు చేతుల్లో పట్టుకుని కాసేపు చూసింది. తర్వాత ఫోన్ అందుకుంది.

“రేపు పంపడం లేదు. ఆసుపత్రులకి నిజం చెప్పేస్తా. ముందు ఇది పెట్టిందెవరో తేలాలి. నాకు కోడ్ రాదు.”

“ఒట్టు, నేను కాదు.”

ఇద్దరూ కిటికీ పక్క బల్లవైపు తిరిగారు. బాబాయ్ తీగలు పక్కన పెట్టి కళ్లజోడు తీశాడు.

“నేనేనమ్మా. దాన్ని మొదలెట్టిందీ నేనే. కుర్రతనంలో నాలుగు లైన్లు రాసి, వాడుకున్నవాళ్లు తిరిగి పంచాలని షరతు పెట్టి లోకం మీదకి వదిలేశా. నా బిడ్డే కదా, తెచ్చుకుంటే ఎవడడుగుతాడనుకున్నా. నా పాత లైన్లు పెట్టి చూస్తే హోరే వినిపించింది. అందుకే వాళ్లు పెంచింది తెచ్చా. నువ్విందాక విన్న ఆ నవ్వు నాది కాదమ్మా, వాళ్లది. వాళ్లలో ఒక్కర్నీ అడగలేదు. కోడ్ మొదట్లో రాసున్న వాళ్ల పేర్లు చెరిపేసిందీ నేనే.”