వరండాలో విన్న చప్పట్లు

మాటలు ఆలస్యమైన పిల్లల గురించి టౌన్‌షిప్ సెక్టర్ 6లోని తెలుగు సంఘం హాలులో డాక్టరుగారు మాట్లాడతారని తెలిసి, గున్నమ్మ మూడేళ్లు నిండినా మాటరాని మనవరాలిని ఎత్తుకుని పక్క ఊరు ఉతై నుంచి వచ్చింది.

ఉపన్యాసం మొదలవగానే పిల్ల కేకలు అందుకుంది. బిస్కెట్ ఇచ్చినా ఆగలేదు.

"ఏటమ్మా, ఎవలికీ వినపడట్లేదు. కాసేపు బయట తిప్పండి," అన్నాడు కార్యదర్శి.

"దీని కోసవే వచ్చేను బాబూ."

"అయిపోయాక డాక్టరుగారికి చూపిద్దురుగాని."

గున్నమ్మ వరండాలోకి వెళ్లగానే తలుపు మూసేశారు. అరిచి అరిచి పిల్ల ఆమె భుజం మీదే నిద్రపోయింది. చాలాసేపటికి లోపల చప్పట్లు మోగాయి. ఆమె లోపలికి వెళ్లేసరికి, రైలు వేళయిందని డాక్టరుగారు పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయారు.

"ఏటి చెప్పేరమ్మా?" అని బయటికొస్తున్న ఒకావిణ్ణి అడిగింది.

"ఎంత తొందరగా చూపిస్తే అంత మంచిదట, పిన్నీ."

ఎక్కడ చూపించాలో అడిగేలోగా ఆవిడ స్కూటీ ఎక్కేసింది.