కాలరు లోపలి ఎర్రదారం

దీవెన పేరెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ఈ మాట మా సంఘంలో ఎవరితోనూ అనలేదు, ప్రార్థనలో కూడా ఒప్పుకోలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఆమె భర్త బాబు ఈ గల్ఫ్ దేశంలో ఏసీలు బాగుచేస్తాడు. మా ఆయన తోమా హమద్ టౌన్‌లో ఒక కంపెనీ స్టోరుకి ఇన్‌ఛార్జి. వాళ్లుండేది ముహర్రక్‌లో, పాత ఇంటి మేడ మీద ఒక గదీ వంటగదీ. మాది రిఫాలో రెండు పడకగదుల ఫ్లాట్. ఎవరు ఎవర్ని చూసి కుళ్లుకోవాలో మీరే చెప్పండి. కానీ కుళ్లుకున్నది నేనే, అదీ మూడేళ్లుగా.

మా తెలుగు సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఇక్కడ మన ఇండియన్ స్కూళ్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి కదా, దానికి ముందు వచ్చే శుక్రవారం, అంటే ఇక్కడి సెలవురోజున, పిల్లలందరూ యూనిఫాం వేసుకుని, బ్యాగు తగిలించుకుని ఆరాధనకి వస్తారు. ఆరాధన అయ్యాక వరసలో నిలబడితే పాస్టరుగారు ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. పేరుకి ప్రార్థనే. మా ఆడవాళ్ల కళ్లు మాత్రం ఎవరి బ్యాగు కొత్తది, ఎవరి బూట్లు కొత్తవి అని వరస పొడుగునా తిరుగుతూనే ఉంటాయి. అందరికంటే ఎక్కువ తిరిగేవి నావే.

ప్రతి ఏడూ ఆ వరసలో, మావాళ్ల బడిలోనే చదివే దీవెన పిల్లలు, రూతూ విక్టరూ, తళతళలాడిపోయేవారు. చొక్కా చూస్తే కళ్లు జిగేల్‌మనేవి. కుచ్చుల గౌను మీద ఒక్క ముడత ఉంటే ఒట్టు. పాస్టరుగారి భార్య కృపమ్మగారు పోయినేడు అందరూ వినేలా, "దీవెనమ్మా, నీ పిల్లలు ముత్యాల్లా ఉన్నారమ్మా" అన్నారు. పక్కనే మా అబ్బాయి ఫిన్నీ, దుకాణంలో పూర్తి ధర పోసి కొన్న బట్టల్లో నిలబడి ఉన్నాడు. వాణ్ణి ఆవిడ చూడనైనా చూడలేదు. పైగా దీవెన లేచి సాక్ష్యం చెప్పింది, ఈ ఏడు కూడా ఏ లోటూ లేకుండా దేవుడు పిల్లల్ని బడికి సిద్ధం చేశాడని. నేనూ అందరితోపాటు ఆమేన్ అన్నాను, పళ్లు నూరుకుంటూ.

"ఎక్కడ కొన్నావే?" అని బయటికొచ్చాక అడిగాను.

"దేవుడిచ్చాడక్కా" అని నవ్వింది.

దేవుడు మనామాలో బట్టల కొట్టు పెట్టాడా ఏమిటి? చవగ్గా ఇచ్చే దుకాణమేదో దొరికింది, చెప్పడం లేదు. అంతే అనుకున్నాను. ఆ చొక్కాల కోసం సూక్ బజారంతా ఎండలో కాళ్లరిగేలా తిరిగాను. దొరకలేదు.

ఈ ఏడు మా ఆయనకి ఓవర్‌టైం తీసేశారు. ఫీజులే కట్టలేక నానా అవస్థా పడుతున్నాం. మార్చిలో ఒకరోజు అన్నం తింటూ ఆయన ఉన్నట్టుండి అన్నాడు.

"చూడు మెర్సీ, ఈసారి పిల్లల బట్టలకీ పుస్తకాలకీ కలిపి వంద దీనార్లే. అది దాటిందంటే ఇంక నా వల్ల కాదు. మీరు ముగ్గురూ తణుకు వెళ్లిపోండి. నేను పనివాళ్లుండే క్యాంపులో ఒక మంచం తీసుకుంటాను."

ఆయన అరిచి చెబితే నేనూ అరిచేదాన్ని. నెమ్మదిగా చెప్పాడు. ఐదో క్లాసుకి వెళ్లాల్సిన మా చిన్నదాన్ని ఉన్నపళంగా బడి మాన్పించి, తండ్రిని ఫోన్‌లో చూసుకుంటూ బతకమని.

సిగ్గు చంపుకుని దీవెనకి ఫోన్ చేశాను. "ఆ కొట్టు పేరేంటో చెప్పవే, పుణ్యముంటుంది."

"చెప్పినా మీరు అక్కడ తీసుకోరక్కా" అంది.

ఎంత పొగరో చూశారా! ఆ కోపంలో తిన్నగా వెళ్లి ఫిన్నీకి అన్నీ కొత్తవి కొనేశాను. మూడు చొక్కాలు, ప్యాంట్లు, చక్రాల బ్యాగు. ఇద్దరి పుస్తకాలూ తెచ్చేసరికి వంద దీనార్లూ ఖలాస్. మా చిన్నది ప్రిస్కిల్లాకి గౌను మిగిలిపోయింది. పాతదాని అంచు విప్పి పొడుగు చేశాను. మడత ఉన్నచోట ముదురు గీత అలాగే కనిపిస్తోంది. పిల్ల అద్దంలో చూసుకుని, "అమ్మా, నేను వరసలో చివర నిలబడతాను" అంది. దాన్ని కసురుకున్నాను. ఎవరి మీద కోపమో, ఎవర్ని కసిరానో!

ఆ శుక్రవారం వరసలో ఫిన్నీ ముందు విక్టర్ నిలబడ్డాడు. ఎనిమిదేళ్ల వెధవ, గంజి పెట్టిన తెల్లచొక్కాలో దొరబాబులా. మా వాడి కొత్త చొక్కా దాని పక్కన వెలవెలబోయింది. ఇక ఉండబట్టలేకపోయాను. కొట్టు పేరు కాలరు వెనక పట్టీ మీద ఉంటుంది కదా. వాడి వెనక్కి వెళ్లి, సవరిస్తున్నట్టు నటిస్తూ కాలరు తిప్పి చూశాను.

పట్టీ లేదు. అది ఉండాల్సిన చోట ఎర్రదారంతో కుట్టిన అక్షరం ఉంది. ఫి.

అది నా కుట్టు. మా అమ్మ చాకలికి వేసే బట్టలకి గుర్తుగా అలాగే కుట్టేది. నేనూ ఫిన్నీ చొక్కాలన్నిటికీ కుడతాను. వాడికి పొట్టయిన బట్టలు చర్చి వరండాలో ఉన్న పెట్టెలో వేసేస్తాను. కావలసినవాళ్లు తీసుకోవచ్చని కృపమ్మగారు పెట్టించిన పెట్టె అది. క్యాంపుల్లో ఉండేవాళ్లు కార్గోలో ఇంటికి పంపుకుంటారులే అనుకునేదాన్ని.

"ఇది మా ఫిన్నీ చొక్కా!"

నోట్లోంచి వచ్చేసింది. చిన్నగా కాదు, హాలంతా వినిపించేలా. అంత గట్టిగా ఎందుకన్నానో నాకు తెలుసు. మూడేళ్లుగా నన్ను ఏడిపించిన చొక్కా నాదేనని అందరికీ తెలియాలి. అంతే.

విక్టర్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. తర్వాత తల వంచుకుని గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. బ్యాగు కింద పెట్టి, చొక్కా తీసి, బనీనుతో నిలబడి రెండు చేతులతో నాకు అందించాడు.

"తీసుకోండి ఆంటీ. నేను మరక చెయ్యలేదు."

దీవెన వచ్చింది. చొక్కా వాడి చేతిలోంచి తీసుకుని మళ్లీ తొడిగి, గుండీలు తనే పెట్టింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"మూడేళ్ల నుంచీ పెట్టెలోంచే తీసుకుంటున్నానక్కా. రాత్రంతా నీలిమందులో నానబెట్టి, గంజి పెట్టి, పక్కలు కుట్టి వేస్తున్నాను. ఇది మీదని నాకు తెలుసు. ఎప్పుడూ కొత్తవే కొంటామని మీరు పదిమందిలో చెప్పుకుంటారు, అందుకే ఆ పెట్టె పేరెత్తలేదు. మా రూతు గౌన్లు ప్రతి ఏడూ ఆ పెట్టెలోనే వేస్తున్నాను, మీ ప్రిస్కిల్లా కొలతే కదా అని. మీరు వెయ్యడమే గానీ ఏనాడైనా వంగి చూశారా?"

వరస చివర ప్రిస్కిల్లా గౌను అంచు గీతని అరచేత్తో మూసుకుని నిలబడి ఉంది. గుమ్మం దగ్గర మా ఆయన నేల చూస్తున్నాడు. ఎప్పటిలా తల ఎగరేసి వెళ్లిపోతే పిల్లకి కొత్త గౌను కొనాలి, వంద దాటితే తణుకు ప్రయాణమేనని నాకు బాగా తెలుసు.

వరండాలోకి నడిచాను. అందరి కళ్లూ నా వీపు మీదే. పెట్టె మూత ఎత్తి, వంగి, అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికాను. రెండు గౌన్లు, మడత నలగకుండా కవరులో పెట్టి ఉన్నాయి. ఒకటి పిల్లకి తొడిగాను. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అంచు కుట్లు ఎంత సన్నగా ఉన్నాయంటే, అంత సిగ్గులోనూ నాకు మళ్లీ కుళ్లొచ్చింది. అలా కుట్టడం నాకు ఈ జన్మకి రాదు.

"ఇంకేమన్నా కొనాలా?" అని మా ఆయన నెమ్మదిగా అడిగాడు.

"ఏం లేదు" అన్నాను. ఆయన ఊపిరి వదలడం వినిపించింది.

వరస మళ్లీ కదిలింది. ప్రిస్కిల్లా ఈసారి చివర నిలబడలేదు, రూతు పక్కకి వెళ్లి నిలబడింది. నేను దీవెన దగ్గరికి వెళ్లి, "తప్పయిపోయింది దీవెనా" అన్నాను. ఆమె తలూపింది. నవ్వలేదు.

విక్టర్ వంతు వచ్చింది. పాస్టరుగారి దగ్గరికి వెళ్లాలంటే నన్ను దాటే వెళ్లాలి. నా ముందుకు రాగానే ఎడమచెయ్యి మెడ వెనక్కి పెట్టి కాలరు గట్టిగా పట్టుకున్నాడు. ప్రార్థన ముగిసి ఆమేన్ అనేదాకా వదల్లేదు.