మొదటి బారలో కోత

ఇంకో పది నిమిషాల్లో మా ఆయన పద్నాలుగో అంతస్తు పైనుంచి వేలాడబోయే తాళ్లు రెండూ మూడొంతుల మేర కోసి ఉన్నాయి.

కోత అడుగు వైపు ఉంది, అందుకే కళ్లకు ఆనలేదు. నా వేళ్లకు తగిలింది.

మేం ఎత్తైన భవనాల అద్దాలు తుడిచేవాళ్లం. మనిషికి రెండు తాళ్లు: ఒకటి బరువు మోస్తుంది, అది తెగితే రెండోది పట్టుకుంటుంది. ఒక్కటే పాడైతే అరుగుదల అనుకుని సరిపెట్టుకోవచ్చు. రెండూ ఒకేచోట, అంత నున్నగా తెగవు. ఎవరో కత్తి పెట్టారు.

"ఎవరూ దిగొద్దు!" అని అరిచాను.

పైకప్పు మీద నాతో కలిపి నలుగురం. మా ఆయన, మా తమ్ముడు, గొణుగుడు బాబాయ్. బాబాయ్ మాకు చుట్టమేం కాదు. ఇరవై ఏళ్లుగా తాళ్ల మీద బతికాడు, ఆ ఇరవై ఏళ్లూ గొణుగుతూనే ఉన్నాడు.

బాబాయ్ కోతను బొటనవేలితో తడిమి చూశాడు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నిన్న తాళ్లు సంచుల్లో సర్దిందెవరో మరి! నేనేం అన్లేదమ్మా, ఊరికే గొణుక్కుంటున్నా."

సర్దింది మా తమ్ముడు.

వాడు జైలు నుంచి వచ్చి నెల కాలేదు. దొంగతనానికి పోయి, అడ్డొచ్చిన కాపలా మనిషి తల పగలగొట్టినవాడు. ఆరేళ్ల శిక్షలో నాలుగేళ్లకే షరతు మీద వదిలారు. వాడి మీద ఒక్క ఫిర్యాదు వెళ్లినా మిగతా రెండేళ్లూ మళ్లీ లోపలే.

"ఏరా?" అన్నాను.

వాడు తాడు వంకే చూస్తున్నాడు. "నేను చెయ్యలేదక్కా. నమ్మమని మాత్రం అడగను. ఇలాంటిది చెయ్యగలిగేవాణ్ణేనని నీకంటే నాకే బాగా తెలుసు."

మా ఆయన ముందుకొచ్చి వాడి భుజం మీద చెయ్యి వేశారు. ఆయన మా చర్చి సంఘంలో పెద్ద. పిల్లలకు ఆదివారం పాఠాలు చెబుతారు. జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు పిలవకుండానే వెళ్తారు. పొద్దున మేం తాళ్లు ముట్టుకునే ముందు ప్రార్థన చేసేదీ ఆయనే. ఆయన అబద్ధమాడగా నేను వినలేదు. బాబాయ్ ఆయన వెనకాల 'దేవదూత' అంటాడు, రెక్కలుంటే తాళ్ల ఖర్చు తప్పేదని కూడా అంటాడు.

"నేనైతే క్షమించేశాను, ఇప్పుడే, ఇక్కడే," అన్నారు మా ఆయన. "కానీ రేపు ఇంకొకరి తాడు కోస్తే? ఫిర్యాదు ఇవ్వక తప్పదు. వాడి మేలుకే చెబుతున్నా. నీ బాధ నాకు తెలుసు, నువ్వే గుండె రాయి చేసుకోవాలి."

నా వేళ్లు మాత్రం ఆ కోతను వదలడం లేదు. ఎక్కడో ఏదో పొసగడం లేదు.

మా పనిలో ఒక పద్ధతుంది. ఎవరి తాడు వాళ్లు చూసుకోకూడదు. బాబాయ్ తాళ్లు తమ్ముడు చూస్తాడు, వాడివి బాబాయ్ చూస్తాడు. మా ఆయనవి నేను, నావి ఆయన. రోజూ ముడి దగ్గర మొదలుపెట్టి, చేతులు చాపిన కొలతలో రెండు బారల దాకా వేళ్ల మధ్య జారుస్తాం, గోడ అంచుకు రాసుకునేది ఆ భాగమే కాబట్టి. తాడు మొత్తం చూసేది శనివారాల్లోనే. ఇవాళ మంగళవారం.

కోత మొదటి బారలో ఉంది.

"బాబాయ్, నువ్వు ఒకణ్ణి చంపాలనుకో, తాడు ఎక్కడ కోస్తావ్?"

"పొద్దున్నే అదేం ప్రశ్నే అమ్మాయ్!" అన్నాడుగానీ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మధ్యలో కోస్తా. ఏ ఏడో అంతస్తు దగ్గరో. శనివారం దాకా ఎవడి చెయ్యీ తగలదు కదా."

"మరి వీడికి ఆ మాత్రం తెలియదా? రోజూ నీ తాళ్లు చూసేది వీడేగా?"

బాబాయ్ గొణుగుడు ఆగిపోయింది. "దొరికిపోవాలని కోసే దొంగ ఎవడుంటాడే!"

"బుర్ర తక్కువవాడు," అన్నారు మా ఆయన వెంటనే. "తొందరలో కోసుంటాడు. నువ్వు అనవసరంగా లోతుకు పోతున్నావ్. కిందికెళ్లి ఫోన్ తీసుకురా."

ఫోన్లు వ్యానులోనే పెట్టి పైకి రావడం మా నియమం. జేబులోంచి జారి కింద పోయేవాడి నెత్తిన పడితే అంతే సంగతులు. లిఫ్టులో దిగుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. మా ఆయన తాళ్లు చూసేది నేనొక్కదాన్నే. అంటే ఆ కోత నా వేళ్ల కోసమే పెట్టారు. నా చేత కనిపెట్టించి, నా నోటితోనే తమ్ముడి మీద ఫిర్యాదు ఇప్పించడానికి.

వ్యాను తలుపు తెరిచాను. ఫోన్ల డబ్బా పైన కొక్కేనికి ఒక బెల్టు వేలాడుతోంది. నడుముకీ తొడలకీ బిగించుకుని తాళ్లకు తగిలించుకునే బెల్టు. మా ఆయనది.

మేమంతా వ్యాను దగ్గరే బెల్టు కట్టుకుని పైకెక్కుతాం. ఆయనైతే అందరికంటే ముందు. ఇవాళ చలిగాలికి అందరం పొడుగు కోట్లు వేసుకోవడంతో ఎవరి నడుముకు ఏముందో కనబడలేదు. మరిచిపోయారా? పదకొండేళ్లుగా ఒక్కరోజూ మరవని మనిషి ఇవాళే మరిచారా? లేక ఇవాళ దిగే పని లేదని ఆయనకు ముందే తెలుసా?

ఫోన్ ఒక చేత్తో, బెల్టు ఒక చేత్తో పట్టుకుని పైకెళ్లాను.

"ఏమండీ, మీ బెల్టు."

ఆయన చెయ్యి తనంతట తనే కోటు మీద నడుము తడుముకుంది. "అరె... మర్చిపోయినట్టున్నాను."

"నిచ్చెన ఎక్కి బల్బు మార్చడానికి కూడా బెల్టు కట్టుకునే మనిషివి!" అన్నాడు బాబాయ్. గొణగలేదు, బయటికే అన్నాడు.

మా తమ్ముడు బెల్టు వంక చూశాడు, వాళ్ల బావ వంక చూశాడు. వాడికి అర్థమైపోయింది. వాడు మండిపడతాడనుకున్నాను. చెయ్యి చేసుకుంటాడేమోనని అడ్డం వెళ్లబోయాను కూడా.

"అక్కా, ఆ ఫోన్ ఇటివ్వు," అన్నాడు మెల్లగా. "నేనే కోశానని నేనే చెబుతా. రెండేళ్లేగా, అలవాటైన చోటే. బావని ఇంకేం అడక్కు. సంఘంలో ఆయన తల దించుకోకూడదు. నేను జైల్లో పడ్డప్పుడు నాకోసం ప్రార్థన చేసింది ఆయనొక్కడే."

నా చేతిలోంచి ఫోన్ తీసుకుని అంకెలు నొక్కడం మొదలుపెట్టాడు.

మా ఆయన గబుక్కున వాడి మణికట్టు పట్టుకున్నారు. ఫోన్ లాక్కుని నా చేతిలో పెట్టారు. తాడు చుట్ట మీదే కూలబడ్డారు.

"కోసింది నేను," అన్నారు. "నిన్న సాయంత్రం మీరంతా వెళ్లాక, నా తాళంచెవితో తాళ్లు పెట్టే గది తీశాను. వీడు సర్దిన సంచి విప్పి కోసి, మళ్లీ వీడు సర్దినట్టే సర్దాను. నీ వేళ్లకు తగలాలనే మొదటి బారలో కోశాను. ఎవరినీ చంపాలని కాదు. వీడు మళ్లీ లోపలికి పోతే చాలనుకున్నాను. వీడికోసం నాలుగేళ్లు ఉపవాసాలున్నాను, ఏడ్చాను. అది నటన కాదు. కానీ మొదటి ఆదివారం వీడు లేచి 'నేను పాపిని' అనగానే సంఘమంతా వీడి చుట్టూ మూగింది. ముసలమ్మలు తల నిమిరారు. ఆ మాట ప్రతి వారం నేనూ అంటున్నాను, అందరితో కలిసి. నా గురించి అనుకుని ఒక్కసారీ అనలేదు. వీడు చెడ్డవాడుగా ఉన్నన్నాళ్లూ నేను మంచివాణ్ణని నాకు హాయిగా ఉండేది. వీడు బాగుపడ్డాక ఆ హాయి పోయింది. నిన్న కత్తి తీసినప్పుడు చెయ్యి వణుకుతుందనుకున్నాను. వణకలేదు. మొదటి తాడు కోస్తుంటే ఎవరో ఆరాధన పాట కూనిరాగం తీస్తున్నట్టు వినిపించింది. అది నా గొంతే. పాట ఆపేశాను. కోత ఆపలేదు. రెండో తాడు అందుకున్నాను."