మామయ్య కట్టిన గూడు

"సాయంత్రానికి మీ హీట్ పంపు విప్పి పట్టుకెళ్లిపోండి. పాత బాయిలరే నయం," అని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. పురిటి గదిలో పసిపిల్లలు చలికి ముడుచుకుపోతుంటే ఆవిడ మాత్రం ఎన్నాళ్లని ఓపిక పడుతుంది?

కాంట్రాక్టరమ్మ గోడ మీది కరెంటు మీటరు వంక చూసింది. బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి గదుల్లోకి పంపే ఆ యంత్రం, ఆమె సొంతంగా బిగించిన మొదటిది. అది ఊడిందంటే ఈ చుట్టుపక్కల ఇంకెవరూ ఆమె మాట నమ్మరు.

పొద్దుట్నుంచీ అన్నీ చూసింది. గ్యాసు సరిపడా ఉంది, ఫిల్టర్లు శుభ్రంగా ఉన్నాయి, పైపుల్లో లీకు లేదు. మీటరు మాత్రం గిర్రున తిరుగుతోంది. చివరికి పెరట్లోకెళ్లి బయటి యూనిట్ ముందు గొంతుక్కూచుంది.

దాని చుట్టూ చెక్క గూడు. వడ్రంగి మేనమామ కట్టింది. వానకి తడవకుండా పైన కప్పు, నాలుగు పక్కలా సన్నటి పట్టీలు, నున్నటి పాలిష్. నెల కిందట "భలే ఉంది మామయ్యా" అన్నది తనే. ఆమెని కాలేజీకి పంపి చదివించిన మనిషి. కాదనడానికి నోరు రాలేదు.

పట్టీల సందులో చెయ్యి పెట్టింది. వేళ్లు కొంకర్లు పోయాయి. యంత్రం వదిలిన చల్లగాలి పట్టీలకి కొట్టుకుని మళ్లీ దాని వెనక్కే చేరుతోంది. తను వదిలిన ఊపిరే తను పీల్చుకుంటోంది. వెనకంతా మంచు పేరుకుపోయింది. ఆ మంచు కరిగించుకోడానికే సగం కరెంటు పోతోంది.

ఫోన్ చెయ్యగానే మామయ్య పనిముట్ల సంచితో దిగాడు.

"ఈ గూడు తీసెయ్యాలి మామయ్యా."

"ఏమ్మా, డిగ్రీ వచ్చాక నా పని కంటికి ఆనడం లేదా?"

"నీ పనికి వంక లేదు. తప్పు నాది. ఆ రోజే చెప్పాల్సింది, మొహమాటపడ్డాను."

"ఊరికే చెబితే తియ్యను. చూపించు."

ఆమె థర్మామీటరు పెరట్లో పెట్టింది. ఆరు. గూట్లో పెట్టింది. సున్నాకి మూడు కింద. మామయ్య కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"నీడ కట్టాననుకున్నా. ముక్కు మూసేశానన్నమాట," అని గొణుగుతూ స్క్రూడ్రైవర్ తీశాడు. ఆమె చెయ్యి వెయ్యబోతే కసిరాడు. "నువ్వు ముట్టుకోకు, గీతలు పడతాయి. ఈ పట్టీలు కుక్కపిల్ల గూటికైనా పనికొస్తాయి."

నాలుగు పక్కలా పట్టీలు ఊడాయి. మధ్యాహ్నానికి మంచు కరిగింది, పురిటి గది వెచ్చబడింది. కాంట్రాక్టరమ్మ డాక్టరమ్మని మీటరు ముందు నిలబెట్టింది. పొద్దున్న తిరిగిన జోరులో ఇప్పుడు సగం కూడా లేదు.

"సరే, ఒక్క వారం చూస్తాను," అంది డాక్టరమ్మ.

"వారం చాలదండీ. గట్టి చలి ఇంకా రాలేదు. అది వచ్చాక చూసి చెప్పండి. రోజూ పొద్దున్నే వచ్చి నేనే చూసుకుంటాను. అప్పటికీ గది వెచ్చబడకపోతే నా చేతులతో నేనే విప్పుతాను."

డాక్టరమ్మ ఫోన్ తీసి, సాయంత్రం బాయిలరు బిగించాల్సినవాళ్లని రావద్దంది.

పెరట్లోంచి మామయ్య కేకేశాడు. "పైన కప్పయినా ఉంచనిస్తావా, అదీ తప్పేనా?"

"ఉంచు మామయ్యా, యూనిట్‌కి మూరెడు ఎత్తున."

"మూరెడంటే నీదా, నాదా?"

"నీదే!"