పన్నెండు రోజుల్లో తొమ్మిది ఊళ్ళు

విదేశంలో పన్నెండు రోజుల్లో తొమ్మిది ఊళ్ళు చూపిస్తామన్నారు టూరు వాళ్ళు. పిల్లి తన పిల్లల్ని ఇల్లిల్లూ తిప్పినట్టు రోజుకో హోటలు. పొద్దున్న ఐదున్నరకల్లా పెట్టెలు గది బయట పెట్టాలి, ఆరుంబావుకి టిఫిను, ఏడింటికి బస్సు. టూరు వాళ్ళిచ్చిన ఆ కాగితం చదువుతుంటేనే హెడ్ సిస్టరుకి నడుం పట్టేసినట్టయింది.

హెడ్ సిస్టరు అన్నమాటే గానీ ఆవిడ ఆసుపత్రి నుంచి రిటైరై తొమ్మిదేళ్ళయింది. వీధిలో మాత్రం ఇప్పటికీ అందరికీ హెడ్ సిస్టరే. ముప్ఫై నాలుగేళ్ళు ఆడవాళ్ళ వార్డులో పనిచేసింది. ఇక కాళ్ళు బారజాపుకుని కూర్చుందామనుకుంటే, ఆర్నెల్లు తిరక్కుండానే ఇంటాయన పక్షవాతంతో మంచం పట్టాడు. ఏడేళ్ళు. వార్డులోనయితే డ్యూటీ దిగడమనేది ఒకటుండేది, ఇంట్లో అదీ లేదు. ఆయన పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచీ ఆవిడకి కాస్త మార్పు కావాలని అందరూ అంటున్నారు, ఆవిడ తప్ప.

కూతురు మంచిదే. బ్యాంకులో పని, ఇంట్లో పని, ఊపిరి సలపదు. అలాంటిది దాచుకున్న సెలవులన్నీ ఒక్కసారిగా పెట్టి తనకీ, అమ్మకీ, అత్తగారికీ మూడు సీట్లు పట్టేసింది. ఆ అత్తగారే మన హెడ్ సిస్టరు వియ్యపురాలు. ఆవిడకి నోరూ ఆగదు, సరదాలూ ఆగవు, మోకాళ్ళే ఎప్పుడో ఆగిపోయాయి.

హెడ్ సిస్టరుకి వెళ్ళాలని లేదా అంటే ఉంది. మూడో ఊళ్ళో ఒక సరస్సుంది. కాగితంలోని ఫొటోలో దాని ఒడ్డున ఒక బల్ల. దాని మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చోవాలని ఆవిడకి మహా ఆశగా ఉంది. టూరు వాళ్ళు ఆ సరస్సుకిచ్చింది నలభై నిమిషాలు, ఫొటోలు దిగడంతో కలిపి.

ఈ టూరు కంపెనీకి ఒక పద్ధతుంది. అరవై ఐదు దాటినవాళ్ళని మాట మీద నమ్మరు. బయల్దేరే నెల ముందు సొంత ఊళ్ళోనే ఒక రోజంతా తిప్పి చూస్తారు. అదే గైడు, అవే ఉరుకులు పరుగులు. సాయంత్రం చేతికో కాగితమిచ్చి నాలుగు ముక్కలు రాయమంటారు. అదంతా చూసుకుని గైడు సరేనంటేనే ప్రయాణం.

ఇందులో ఫెయిలైపోతే బాగుండునని హెడ్ సిస్టరు లోలోపల కోరుకుంది. పెద్ద డాక్టర్లనే ఎదిరించి మాట్లాడిన మనిషికి కూతురి మొహం మీద రానని చెప్పే ధైర్యం చాల్లేదు. అదే గైడు కాదంటే ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఆ రోజు బస్సులో పదకొండు మంది పెద్దవాళ్ళెక్కారు. మొదట మ్యూజియం, మూడంతస్తులు యాభై నిమిషాల్లో. గైడు పాతికేళ్ళ పిల్ల. గుక్క తిప్పుకోకుండా చరిత్ర చెప్పుకుంటూ ముందు నడుస్తోంది, వెనక ఎవరు కూలబడ్డారో చూసే తీరిక లేదు. రెండో అంతస్తు మెట్ల మీద ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారికి మొహం పాలిపోయింది. హెడ్ సిస్టరు ఊరుకుందామనే అనుకుంది. అనుకునేలోపే ఆవిడ వేళ్ళు ఆయన నాడి మీదున్నాయి. టిఫిను తినకుండా షుగరు మాత్ర వేసుకుని వచ్చాడట మహానుభావుడు. తన సంచిలోని బిస్కెట్లు తినిపించి, మెట్టు మీదే కూర్చోబెట్టి, ఆయన తేరుకున్నాక చెయ్యి పట్టుకుని దింపింది.

అక్కడితో అయిపోలేదు. కొత్త చెప్పులేసుకొచ్చిన ఒకావిడకి మడమ బొబ్బెక్కితే కట్టు కట్టింది. నది మీద వంతెన దగ్గర తలలు లెక్కపెడితే ఒకటి తగ్గింది, వెనక్కి వెళ్ళి బాత్రూము బయట దారి తెలియక నిలబడ్డ పెద్దాయన్ని వెతికి తెచ్చింది. గడియారం బురుజు ఎక్కితీరతానని పంతం పట్టిన వియ్యపురాల్ని కసిరి కింద కూర్చోబెట్టింది. అలా చక్రంలా తిరుగుతూనే ఉంది. సాయంత్రం టూరు ఆఫీసు కుర్చీలో కూలబడేసరికి అరికాళ్ళు భగ్గున మండుతున్నాయి.

కాగితం ఇచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని గబగబా రాసేసింది.

"మొత్తం పదకొండు మంది, అందరూ తిరిగి వచ్చారు. డ్రిల్లు మాస్టారికి పదింటికి షుగరు పడిపోయింది, ఇప్పుడు బాగున్నారు, రాత్రి భోజనం ఆలస్యం కాకూడదు. మూడో సీటావిడకి ఎడమ మడమ బొబ్బ, రేపు కట్టు మార్చాలి. కిటికీ పక్క పెద్దాయన్ని ఒంటరిగా వదలకూడదు. వియ్యపురాలు మెట్లెక్కరాదు, చెప్పినా వినరు." కింద టైము వేసి సంతకం కూడా పెట్టింది.

డ్యూటీ దిగేముందు తర్వాతి నర్సుకి రాసిచ్చే రిపోర్టు అది.

గైడు అది చదివి పొంగిపోయింది. అప్పుడే బ్యాంకు నుంచి వచ్చిన కూతురికి ఆ కాగితం చేతికిచ్చి, మిగతావాళ్ళలో సగం మందిని వద్దనాల్సిందేనని అనుకున్నాననీ, మేడమ్ వెంట ఉంటే అందర్నీ ధైర్యంగా తీసుకెళ్ళొచ్చనీ, ముందు సీటు ఆవిడకేననీ చెప్పింది. డ్రిల్లు మాస్టారు దణ్ణం పెట్టినంత పని చేశాడు. వదినగారు పక్కనుంటే తనకి కొండలైనా లెక్క లేదంది వియ్యపురాలు. కూతురి మొహం వెలిగిపోయింది. ఊరికే భయపడ్డావమ్మా, అందరికంటే నువ్వే ఫస్టు అంది.

హెడ్ సిస్టరు ఆ కాగితం మళ్ళీ తీసుకుంది. తను రాసినదానికి పైన అచ్చులో ఒక ప్రశ్న ఉంది. హడావిడిలో చూసుకోలేదు. 'ఇవాళ మీకు బాగా నచ్చినదేమిటి?' అని. మ్యూజియంలో ఏమున్నాయో గుర్తు చేసుకోబోయింది. మెట్లు గుర్తున్నాయి. వంతెన కింద నదిలో నీళ్ళున్నాయో లేదో కూడా తెలియలేదు. కళ్ళజోడు తీసి కాగితం మీద పెట్టింది.

"నేను రానే," అంది.

"అదేంటమ్మా, పాసయ్యావు కదా."

"అందుకే రాను. ఇవాళ ఏం చూశావంటే ఒక్కటి చెప్పలేను. ఎవరికి ఏ మందో అడుగు, చెబుతాను. అక్కడికొచ్చినా ఇంతే. నాకు ఆ సరస్సు దగ్గర ఊరికే కూర్చోవాలనుంది. పన్నెండు రోజులూ అక్కడే."

ఈ టూరు మానేసి, పోనీ మనిద్దరమే ఆ ఊరెళ్దాం, నేను నీ పక్కనే ఉంటానంది కూతురు. బుద్ధిగా సరేనంటే అయిపోయేది. ముప్ఫై నాలుగేళ్ళూ, ఆపైన ఏడేళ్ళూ ఆవిడ సరేనంటూనే వచ్చింది.

"నువ్వొస్తే నువ్వు తిన్నావా, నిద్రపోయావా అని కనిపెట్టుకునుంటాను. నా వల్ల కాదే. అలిసిపోయాను. కొన్నాళ్ళు ఎవర్నీ చూసుకోకుండా ఉండాలనుంది. నిన్ను కూడా."

కూతురి కళ్ళు నిండిపోయాయి. బ్యాగులో రుమాలు కోసం తడుముకుంది, దొరకలేదు. హెడ్ సిస్టరు పైట కొంగు దాకా వెళ్ళిన చేతిని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

కూతురు ఎడం చేత్తో మొహం తుడుచుకుని గైడు వైపు తిరిగింది.

"ఒక్కరే వెళ్ళి, ఒకే చోట ఉండొచ్చే ఏర్పాటేదైనా ఉందా?" అని అడిగింది. చివరి మాట దగ్గర పొలమారి దగ్గింది.

మంచినీళ్ళ కూజా హెడ్ సిస్టరు మోచేతి పక్కనే ఉంది. ఆవిడ లేవలేదు.