రెండోసారి పితికిన పాలు

అమెరికాలోని అరోరా ఊళ్ళో ఆ అపార్ట్‌మెంట్ల వాళ్ళు పొద్దున్నే పద్మిని తలుపు కొట్టేది కబుర్లకి కాదు, ఖాళీ టూత్‌పేస్ట్ ట్యూబులు పట్టుకుని. ఆవిడ చెయ్యి పడితే చాలు, అయిపోయిందనుకున్నది మళ్ళీ వచ్చేది. అదీ మొదటిదానికన్నా చిక్కగా! పిండేసిన నిమ్మచెక్కయినా అంతే. పక్కింటి సాన్వి కెచప్ సీసా చాచి "ఆంటీ, వన్ మోర్ టైమ్" అంటే, "మీ అమ్మ కొత్తది కొననే కొనదా?" అని విసుక్కుంటూనే నొక్కేది.

అమెరికా వచ్చిన పదేళ్ళకి పద్మినికి వర్క్ పర్మిట్ వచ్చింది. ఊరి చివర ఆవుల్ని పెట్టుకుని చీజ్ చేసే మార్సెల్ అనే ముసలాయన దగ్గర వారం ట్రయల్. నచ్చితే ఉద్యోగం, లేకపోతే ఇంటికే. పదేళ్ళుగా ఫలానా వారి భార్యగా బతికి విసిగిపోయింది, ఆ ఉద్యోగం ఆవిడకి కావాలంతే.

ఆఖరి రోజు మార్సెల్ ఫోన్‌లో ఉన్నాడు. పెద్ద గిన్నెలో పచ్చిపాలు కనిపించాయి. పచ్చిపాలు చూసి మన ఆడవాళ్ళ చెయ్యి ఊరుకుంటుందా? స్టవ్ వెలిగించి మూడు పొంగులు రానిచ్చింది.

మార్సెల్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "ఈ చీజ్ పచ్చిపాలతోనే చెయ్యాలి! కాచిన పాలు సరిగ్గా గడ్డకట్టవు."

"అయ్యో, నా చేతులు విరిగిపోనూ!" పద్మినికి ఏడుపొచ్చేసింది.

"ఆవుల్లో ఇంక చుక్క లేదు" అన్నాడాయన. "మా నాయనమ్మైతే రెండోసారి పితికేది. వాళ్ళది ఫ్రాన్స్‌లో సవాయ్ కొండలు. భూస్వామి మనిషి పాలు కొలిచి కౌలు లెక్కకట్టడానికొస్తే, రైతులు సగం పితికి ఆపేసేవారట. వాడు కొండ దిగగానే మళ్ళీ పితికేవారు. కొంచెమే, కానీ మీగడంతా అందులోనే. ఆ పాలతో చేసిందే రెబ్లోషాన్ చీజ్. పేరుకి అర్థం కూడా అదే, మళ్ళీ పితకడమని."

"అమ్మో, గడుసువాళ్ళే!" పద్మిని ముక్కు తుడుచుకుని లేచింది. "ఆవు ఎక్కడుంది?"

ఖాళీ పొదుగు కడిగి, "తల్లీ, ఇంకొక్కసారి చేపవే" అని బతిమాలింది. చేపింది. పసుపుపచ్చగా, చిక్కగా బకెట్ నిండింది. మార్సెల్ వెళ్ళి రెండో బకెట్ తెచ్చాడు.

వేలు ముంచి నాకి, కళ్ళు ఒత్తుకున్నాడు. "అచ్చం నాయనమ్మ చెప్పిన పాలే."

"మరి నా ఉద్యోగం?"

"ఇక్కడి రూల్ ప్రకారం పచ్చిపాల చీజ్ అరవై రోజులు మాగాలి. తిన్నాక గానీ ఏమీ చెప్పలేను."

"అంతవరకూ?"

"మాగేదాకా రోజూ దాన్ని తిరగెయ్యాలిగా, ఎవరు తిరగేస్తారు? సోమవారం ఏడింటికల్లా వచ్చెయ్."

పద్మిని కార్‌లో కూర్చుని పగలబడి నవ్వింది, కాస్త ఏడ్చింది, మొగుడికి ఫోన్ కొట్టింది.

"ఏమండీ, సోమవారం నుంచి పిల్లల లంచ్ బాక్సులు మీవే!"